ప్రాజెక్టు డైరీ: సీడీ36ని మూసేస్తే మాక్రోఫేజ్‌లోకి కొవ్వు పోవడం ఎంత ఆగుతుంది

ఏప్రిల్ ఆఖరు

ఎథిక్స్ కమిటీ లెటర్ వచ్చేసింది, వాలంటీర్ల దగ్గర బ్లడ్ తీసుకోవచ్చు, అంటే ప్రాజెక్టు ఇప్పుడు నిజంగా మొదలైనట్టే. ల్యాబ్ బెంగళూరులో, హెబ్బాళ్ దాటి యలహంక వైపు. టీమ్ అంటే నేను, మదనపల్లె నుంచి వచ్చిన ఎమ్మెస్సీ జూనియర్ ఒకమ్మాయి, ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా వెలుతురులో కొలిచే మెషీన్) చూసుకునే నెల్లూరు అన్న, పైన మా మేడం. మేడం కన్నడావిడ, మిగతా ముగ్గురం తెలుగోళ్లం కాబట్టి బెంచ్ దగ్గర మాటలన్నీ తెలుగులోనే.

పని ఏంటో చెప్తా. రక్తనాళంలో కొవ్వు పేరుకుని బ్లాక్ అవుతుందని అందరికీ తెలుసు, కానీ ఆ కొవ్వు గోడకి ఊరికే పూసినట్టు ఉండదు, చాలా భాగం కణాల కడుపులో ఉంటుంది. రక్తంలోంచి మోనోసైట్లు అనే తెల్ల కణాలు నాళం గోడలోకి దూరి మాక్రోఫేజ్‌లుగా, అంటే చెత్తని మింగే కణాలుగా మారతాయి, అక్కడ పాడైపోయిన ఎల్‌డీఎల్‌ని (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే రేణువుల్ని) మింగి మింగి ఉబ్బిపోయి ఫోమ్ సెల్స్ అవుతాయి, తర్వాత చచ్చిపోతాయి, ఆ చచ్చినవి, వాటిలోని కొవ్వు, కొలెస్ట్రాల్ స్ఫటికాలు అన్నీ అక్కడే మిగిలిపోతాయి. ఈ మింగడం అనేది కణం పైన ఉండే రిసెప్టర్లు, అంటే బయటి వాటిని పట్టుకునే ప్రోటీన్ల ద్వారా జరుగుతుంది. వాటిలో సీడీ36 అనే ఒక్కదాన్ని దానికే అతుక్కునే యాంటీబాడీతో మూసేస్తే లోపలికి పోయేది ఎంత తగ్గుతుంది, తగ్గనిది ఏ దారిన పోతోంది, ఇదే మా ప్రశ్న.

నాకు దీని మీద పట్టుదల ఎందుకంటే మా ఇంట్లో ఇద్దరు బాబాయిలకి యాభై రాకుండానే స్టెంట్లు పడ్డాయి. మా ఇల్లొక్కటే కాదు కూడా. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ స్టడీ లెక్కల్లో దక్షిణాసియా వాళ్లకి మొదటి హార్ట్ ఎటాక్ వచ్చిన మధ్యస్థ వయసు 53, మిగతా దేశాల వాళ్లకి దాదాపు 59. ఆ పేపర్ 2007లో వచ్చింది. ఆరేళ్ల తేడా అంటే ఇంట్లో పిల్లల చదువులు ఇంకా నడుస్తున్న వయసు.

మే మొదటి వారం

ఎల్‌డీఎల్ బయట కొనొచ్చు గానీ ఆ రేటుకి మా గ్రాంట్ నిలవదు, పైగా అది ఎప్పటి సరుకో మనకి తెలీదు, అందుకే మేమే తీసుకుంటున్నాం. రాత్రి తిని మళ్లీ పొద్దున దాకా ఏమీ ముట్టని వాలంటీర్ల బ్లడ్, గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ట్యూబుల్లో. ప్లాస్మా వేరుచేసి, పొటాషియం బ్రోమైడ్ కలుపుతూ డెన్సిటీ సరిచేసుకుంటూ, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో పెడతాం. 1.019కీ 1.063కీ మధ్య తేలేదే ఎల్‌డీఎల్. రోటర్‌లో ఎదురెదురు ట్యూబుల బరువు సరిగ్గా తూగాలి, అక్కడ మాత్రం ఎంత లేటయినా తొందరపడకూడదని మేడం మొదటి రోజే గట్టిగా చెప్పారు.

పొద్దున రోటర్ తెరిచి ట్యూబ్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే నారింజ కలిసిన పసుపు పట్టీ ఒకటి. ఆ రంగు బీటా కెరోటిన్‌ది, మనం తినే కూరల్లోంచి వచ్చిందే, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌తో పాటు దాన్ని కూడా మోసుకుంటూ తిరుగుతుంది. సిరంజి సూది పక్కనుంచి పెట్టి ఆ పట్టీ ఒక్కదాన్నే నెమ్మదిగా లాగాలి, పైది కిందది కలవకూడదు. జూనియర్ చెయ్యి భలే నిలకడ, రెండోసారి తనకే ఇచ్చేశా.

తర్వాత కోల్డ్ రూమ్‌లో బఫర్ మారుస్తూ డయాలిసిస్, అంటే సన్న పొర సంచిలో ఉంచి ఉప్పు లాంటి చిన్నవాటిని బయటికి పోనివ్వడం. ఎల్‌డీఎల్‌ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ముద్దలు కట్టేస్తుంది, 4 డిగ్రీల్లో చీకట్లో ఉంచి తొందరగా వాడెయ్యాలి. ఎండోటాక్సిన్ టెస్ట్ కూడా చేశాం, క్లీన్. ఇది చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో వదలకూడనిది ఇదే, ఎందుకంటే బాక్టీరియా గోడ ముక్క కొంచెం ఉన్నా చాలు, మాక్రోఫేజ్ వేరే రిసెప్టర్ ద్వారా రెచ్చిపోతుంది, మనమేమో అదంతా ఎల్‌డీఎల్ చేసిన పనే అనుకుంటాం.

మే రెండో వారం

ఇవాళ ఎల్‌డీఎల్‌ని కావాలని పాడుచేశాం, అంటే ఆక్సిడైజ్ చేశాం. కాపర్ సల్ఫేట్ కొన్ని మైక్రోమోలార్ వేసి 37 డిగ్రీల్లో పెట్టడమే. అంతకుముందు ఈడీటీఏ మొత్తం డయాలిసిస్‌లో పోయి ఉండాలి, లేకపోతే అది కాపర్‌ని పట్టేసుకుని రియాక్షన్ జరగనివ్వదు. పక్కన కొంచెం శాంపిల్‌ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టి 234 నానోమీటర్ల దగ్గర చూస్తూ కూర్చున్నాం, కొవ్వు ఆక్సిడైజ్ అయ్యేకొద్దీ అక్కడ రీడింగ్ పెరుగుతుంది. మొదట్లో గీత చదునుగా పోతుంది, చాలాసేపు ఏమీ కదలదు, అప్పుడు ఎల్‌డీఎల్‌లో ఉన్న విటమిన్ ఈ లాంటివి ఒక్కొక్కటే ఖర్చవుతున్నాయన్నమాట. అవి అయిపోయాక గీత ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. చదివినప్పుడు తెలిసిందే గానీ కళ్లముందు స్క్రీన్ మీద అది లేవడం చూస్తే వేరు, శరీరం తన దగ్గరున్నదంతా పెట్టి ఎంతసేపు అడ్డుకుంటుందో అప్పుడు అర్థమైంది.

మర్నాడు ట్యూబ్ తీస్తే పసుపు దాదాపు పోయింది.

"అక్కా, ఇది పాడైపోయినట్టుందే, రంగే లేదు" అంది జూనియర్.

"పాడవ్వాలనే కదమ్మా పెట్టాం, కెరోటిన్ కూడా ఆక్సిడైజ్ అయిపోయింది, ఈడీటీఏ వేసి ఆపేయ్, జెల్ వేద్దాం."

కరెంటు పెట్టి చార్జ్‌ని బట్టి విడదీసే అగరోజ్ జెల్ మీద మామూలు ఎల్‌డీఎల్ బ్యాండ్ ఒకచోట ఆగితే ఆక్సిడైజ్ అయినది ప్లస్ ఎలక్ట్రోడ్ వైపు బాగా ముందుకెళ్లింది. కారణం ఏంటంటే ఎల్‌డీఎల్ మీద చుట్టుకుని ఉండే అపోబీ ప్రోటీన్‌లో లైసిన్‌లు ఉంటాయి, వాటికి ప్లస్ చార్జ్, ఆక్సిడేషన్‌లో పుట్టే ఆల్డిహైడ్లు వెళ్లి వాటికి అతుక్కుంటే ఆ ప్లస్ పోయి మొత్తం మీద మైనస్ పెరుగుతుంది. మన ప్రాజెక్టంతా ఈ ఒక్క మార్పు మీదే ఉంది. లివర్ మీదుండే మామూలు ఎల్‌డీఎల్ రిసెప్టర్ ఆ లైసిన్లని చూసే గుర్తుపడుతుంది, ఇప్పుడు దీన్ని గుర్తుపట్టలేదు, మాక్రోఫేజ్ మీదుండే ఇంకో జాతి రిసెప్టర్లు మాత్రం దీన్నే ఇష్టంగా పట్టుకుంటాయి.

అదే వారం, ఆదివారం

ల్యాబ్‌కి పోలేదు, పాత పేపర్లు చదువుకున్నా. ఈ కథ వెనక ఉన్న లాజిక్ నాకు ఎంత నచ్చుతుందో, రాసిపెట్టుకోవాలి.

డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970ల మొదట్లో పుట్టుకతోనే కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న పిల్లల చర్మం కణాలు పెంచి చూశారు, ఆ కణాలు ఎల్‌డీఎల్‌ని పట్టుకోలేకపోతున్నాయి, అలా ఎల్‌డీఎల్ రిసెప్టర్ బయటపడింది, 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంతవరకూ అందరూ చెప్తారు. నాకు ముఖ్యమైంది ఆ తర్వాతి ప్రశ్న. ఆ పిల్లల్లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ పనే చెయ్యదు కదా, మరి వాళ్ల రక్తనాళాల గోడల్లో మాక్రోఫేజ్‌లు కొవ్వుతో ఎలా నిండిపోతున్నాయి? అంటే వేరే దారి ఉండి తీరాలి. 1979లో వాళ్లే చూపించారు, మామూలు ఎల్‌డీఎల్ ఇస్తే మాక్రోఫేజ్ పెద్దగా తీసుకోదు, అదే ఎసిటైల్ గ్రూపు తగిలించిన ఎల్‌డీఎల్ ఇస్తే విపరీతంగా మింగుతుంది అని. ఎసిటైల్ ఎల్‌డీఎల్ ల్యాబ్‌లో చేసుకున్నది, ఒంట్లో ఏది దాని జాగాలో ఉందో తేలాలి కదా, శాన్ డియేగో దగ్గర డేనియల్ స్టెయిన్‌బర్గ్ గ్రూపు 1980లలో ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్ వైపు చూపించింది. 1990లో మాంటీ క్రీగర్ వాళ్లు మాక్రోఫేజ్ మీదుండే ఎస్ఆర్-ఏ అనే రిసెప్టర్ జీన్ పట్టుకున్నారు, 1993లో సీడీ36 ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌ని పట్టుకుంటుందని తేలింది, 1997లో జపాన్‌లో తత్సుయా సవామురా వాళ్లు నాళం లోపలి పొర కణాల మీద లాక్స్-1 అనే ఇంకో రిసెప్టర్ కనిపెట్టారు.

ఇక్కడ అసలు తేడా ఒకటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ నీళ్లు ఎక్కించేటప్పుడు పైన ట్యాంకు నిండగానే బాల్ వాల్వ్ లేచి నీళ్లు ఆగిపోతాయి, ఎల్‌డీఎల్ రిసెప్టర్ అట్లాంటిది, కణంలో కొలెస్ట్రాల్ చాలినంత ఉంటే రిసెప్టర్ తయారీ తగ్గిపోతుంది. సీడీ36, ఎస్ఆర్-ఏలకి ఆ వాల్వ్ లేదు. లేకపోగా సీడీ36 ఇంకా పెరుగుతుంది. ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌తో పాటు లోపలికొచ్చే 9-హోడ్, 13-హోడ్ అనే ఫ్యాటీ యాసిడ్లు పీపార్ గామా అనే న్యూక్లియర్ రిసెప్టర్‌ని లేపుతాయి, అది వెళ్లి సీడీ36 జీన్‌ని ఇంకా ఎక్కువ చదివిస్తుంది, 1998లోనే చూపించారు. మింగేకొద్దీ మింగే శక్తి పెరుగుతుందన్నమాట. జబ్బు ఇక్కడుంది అని నా నమ్మకం. రిసెప్టర్ ఉండడం తప్పు కాదు, అది ఆగకపోవడమే సమస్య.

మే మూడో వారం

టీహెచ్‌పీ-1 సెల్స్ (ల్యాబ్‌లో పెంచే మోనోసైట్ రకం కణాలు) బాగా పెరుగుతున్నాయి. మీడియా ఆర్‌పీఎంఐ 1640, 10 శాతం సీరం, కొంచెం బీటా మెర్కాప్టోఇథనాల్. ఫ్లాస్క్‌లో తేలుతూ గుండ్రంగా ఉంటాయి. ఈ సెల్స్ ఎక్కడివో జూనియర్‌కి చెప్పా, జపాన్‌లో రక్త కేన్సర్ వచ్చిన ఏడాది బాబు రక్తంలోంచి తీసినవి, 1980లో పేపర్. ఆ బాబు పేరు మనకి తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు, కానీ ప్రపంచమంతా ల్యాబుల్లో గుండె జబ్బు మీద చేసే ఎన్నో ప్రయోగాలు ఆ పసివాడి కణాల మీదే నడుస్తున్నాయి. ఫ్లాస్క్ తీసిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది, ఒక్క ఫ్లాస్క్ కూడా వృథా చెయ్యబుద్ధి కాదు.

పీఎంఏ వేసి రెండు రోజులు ఉంచితే తేలేవి కాస్తా కిందకి అతుక్కుని కాళ్లు చాపినట్టు పరుచుకుంటాయి, మాక్రోఫేజ్‌లా అయిపోతాయి. పీఎంఏ ట్యూమర్లని పెంచే రకం కెమికల్, గ్లవ్స్ లేకుండా ముట్టకూడదు. ఆ తర్వాత పీఎంఏ లేని మీడియాలో ఒక రోజు రెస్ట్ ఇచ్చాం, ఇవ్వకపోతే పీఎంఏ ప్రభావం, ఎల్‌డీఎల్ ప్రభావం రెండూ కలిసిపోతాయి.

సాయంత్రం వాన, కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. ఇంక్యుబేటర్ డిస్‌ప్లే 37 నుంచి కదల్లేదు, అయినా అది స్థిరంగా ఉందని నమ్మకం కుదిరేదాకా అక్కడే నిలబడ్డాం ఇద్దరం.

నెలాఖరు

ఫ్లో సైటోమీటర్ రోజు. అతుక్కున్న సెల్స్‌ని లేపాలి, మామూలుగా అయితే ట్రిప్సిన్ వేస్తాం, కానీ ట్రిప్సిన్ ప్రోటీన్లని కోసే ఎంజైమ్, సెల్ పైనున్న రిసెప్టర్లని కూడా కోసేయగలదు, అప్పుడు మనం కొలిచేది ఏముంటుంది? చల్లటి ఈడీటీఏ బఫర్‌లో ఉంచి మెల్లగా తట్టి లేపాం, టైమ్ ఎక్కువే పట్టింది. ఇంకో జాగ్రత్త, మాక్రోఫేజ్‌లకి ఎఫ్‌సీ రిసెప్టర్లు ఉంటాయి, ఏ యాంటీబాడీ వేసినా దాని తోకని పట్టుకుంటాయి, అందుకే ముందు ఎఫ్‌సీ బ్లాక్ వేసి తర్వాతే సీడీ36 యాంటీబాడీ, పక్కన ఐసోటైప్ కంట్రోల్, అంటే అదే రకం యాంటీబాడీ గానీ సీడీ36ని పట్టనిది.

నెల్లూరు అన్న గ్రాఫ్ చూపించాడు, కుడికి వెళ్లేకొద్దీ సీడీ36 ఎక్కువని అర్థం. పీఎంఏ ఇవ్వని సెల్స్ శిఖరం ఎడమవైపు, పీఎంఏ ఇచ్చినవి కుడికి జరిగాయి, పీఎంఏ ఇచ్చి ఒక రోజు ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌లో ఉంచినవి ఇంకా కుడికి. మూడు శిఖరాలు ఒకదాని పక్కన ఒకటి. "చూశావామ్మా, తిన్నాక ఇంకా ఎక్కువైంది" అన్నాడు అన్న. ఆదివారం చదివిన 1998 నాటి మాట ఇవాళ మా సెల్స్‌లో కనిపించింది, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

జూన్ మొదట్లో

ఆయిల్ రెడ్ ఓ, అంటే కొవ్వుకి ఎరుపు పట్టించే రంగు. ఐసోప్రొపనాల్‌లో స్టాక్, వాడేముందు మూడు పాళ్ల స్టాక్‌కి రెండు పాళ్ల నీళ్లు కలిపి కాసేపు ఉంచి ఫిల్టర్ చెయ్యాలి, ఫిల్టర్ బాగా చెయ్యకపోతే రంగు పలుకులు సెల్స్ మీద పడి కొవ్వు చుక్కల్లాగే కనిపిస్తాయి. ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, 60 శాతం ఐసోప్రొపనాల్‌తో తడిపి, రంగు వేసి, కడిగి, న్యూక్లియస్‌కి హెమటాక్సిలిన్.

మైక్రోస్కోప్ కింద ఎల్‌డీఎల్ ఇవ్వని సెల్స్‌లో నీలం న్యూక్లియస్ ఉంది, ఎరుపు ఎక్కడో ఒక చుక్క. మామూలు ఎల్‌డీఎల్ ఇచ్చిన వాటిలో కూడా పెద్దగా లేదు. ఆక్సిడైజ్డ్ ఇచ్చిన బావి (ప్లేట్‌లోని చిన్న గుంట) కిందకి జరిపేసరికి న్యూక్లియస్ చుట్టూ ఎర్రటి చుక్కలు గుంపులు గుంపులుగా, కొన్ని సెల్స్‌లో న్యూక్లియస్ పక్కకి నెట్టేసినట్టుంది. రెండు బావుల్లోనూ ఎల్‌డీఎల్ మోతాదు ఒకటే, మిల్లీలీటర్‌కి 50 మైక్రోగ్రాములు. రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత అనే నంబర్ ఒక్కటే చూసి ఊరుకోకూడదని నేను ఎందుకంటానో ఈ రెండు బావులు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

ఇంకో రకం బావి, యాంటీబాడీది. సీడీ36ని మూసే ఎఫ్ఏ6-152 ముందు వేసి తర్వాత ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్. ఎరుపు తగ్గింది, స్పష్టంగా తగ్గింది, ఐసోటైప్ యాంటీబాడీ వేసిన బావిలో తగ్గలేదు. కానీ పోలేదు. రంగుని ఐసోప్రొపనాల్‌లో కరిగించి ప్లేట్ రీడర్‌లో చదివినా అదే మాట, సగం కంటే ఎక్కువే మిగిలింది. జూనియర్ ముఖం కొంచెం వాడిపోయింది.

నేను జపాన్ వాళ్ల పని గుర్తుచేశా. అక్కడ పుట్టుకతోనే సీడీ36 లేని మనుషులున్నారు, వాళ్ల రక్తంలోంచి తీసిన మాక్రోఫేజ్‌లు ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌ని మామూలు వాళ్ల కంటే సుమారు 40 శాతం తక్కువ తీసుకున్నాయని 1995లో రాశారు. రిసెప్టర్ పుట్టుకతోనే లేకపోయినా అంతే తగ్గితే యాంటీబాడీ అంతకంటే ఎక్కువ చెయ్యాలని అనుకోకూడదు. మన బావులు సరిగ్గా పనిచేస్తున్నాయనే అర్థం.

మర్నాడు రాత్రి

ధర్మవరం నుంచి చిన్న బాబాయ్ ఫోన్. "ఏమ్మా, ఏదో మందు కనిపెడుతున్నారంట కదా, మీ పిన్ని చెప్పింది, ఇంక నేను ఈ మాత్ర మానేయొచ్చా?"

గుండె ఝల్లుమంది. "అస్సలు వద్దు బాబాయ్, డాక్టర్ని అడక్కుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. నువ్వు వేసుకునే స్టాటిన్ కూడా చివరికి రిసెప్టర్ ద్వారానే పని చేసేది, లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీ తగ్గిస్తుంది, అప్పుడు లివర్ కణాలు తమ మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు పెంచుకుని రక్తంలోది లాక్కుంటాయి. మేం చేసేది ఇంకా గిన్నెల్లో, సెల్స్ మీద."

"అట్లనా, సరేమ్మా, వేసుకుంటాలే. నువ్వు టైమ్‌కి తిను."

పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్‌ని ఆపే ఇంజెక్షన్లు కూడా ఇదే దారి, ఆ ప్రోటీన్ లివర్ మీది ఎల్‌డీఎల్ రిసెప్టర్లని నాశనం చేయిస్తుంది, దాన్ని అడ్డుకుంటే రిసెప్టర్లు నిలుస్తాయి, 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే రిసెప్టర్ల విషయంలో ఇప్పటిదాకా మనుషులకి మేలు చేసిన మందులన్నీ లివర్ వైపు దారిని తెరిచినవే. సీడీ36, లాక్స్-1 వైపు దారి మూసి నాళాల బ్లాకులకి వాడే మందు మార్కెట్‌కి రాలేదు.

జూన్ రెండో వారం, మేడం‌తో మీటింగ్

మేడం రెండు పేపర్లు టేబుల్ మీద పెట్టారు. ఒకటి 2000లోది, సీడీ36 తీసేసిన ఎలుకల్లో బ్లాకులు బాగా తగ్గాయి. ఇంకోటి 2005లోది, సీడీ36 గానీ ఎస్ఆర్-ఏ గానీ తీసేసినా బ్లాకులు తగ్గలేదు. రెండూ అపోఈ అనే ప్రోటీన్ లేక బ్లాకులు సులువుగా వచ్చే ఎలుకల మీద, రెండూ ఒకే జర్నల్‌లో. "వీటిలో ఏది నమ్ముతావ్?" అని అడిగారు.

నేను అనుకున్నది చెప్పా. రెండూ నిజమే అయ్యుండొచ్చు మేడం, ఎందుకంటే ఒక దారి మూసినప్పుడు మిగతా దారుల్లో ఎంత పోతుందనేది ఆ ఎల్‌డీఎల్ ఎంత పాడైందో దాన్ని బట్టి మారుతుంది. కొంచెం ఆక్సిడైజ్ అయితే పాడయ్యేది ముఖ్యంగా పైనున్న ఫాస్ఫోలిపిడ్లు, సీడీ36 వాటిని పడుతుంది. బాగా ఆక్సిడైజ్ అయితే అపోబీ ప్రోటీనే మారిపోతుంది, దాన్ని ఎస్ఆర్-ఏ ఎక్కువ పడుతుంది. మనం వాడింది పూర్తిగా పాడైన సరుకు, రాత్రంతా కాపర్‌లో ఉన్నది. అంటే మనం సీడీ36ని దానికి అంత అనుకూలం కాని చోట పరీక్షించాం. ఎలుకల మాక్రోఫేజ్‌ల్లో సీడీ36, ఎస్ఆర్-ఏ రెండూ లేకపోతే మార్పు చెందిన ఎల్‌డీఎల్‌ని కరిగించే పని 75 నుంచి 90 శాతం దాకా పడిపోతుందని 2002లో చూపించారు కాబట్టి మిగిలిన దారిలో పెద్దది ఎస్ఆర్-ఏ అనే నా అంచనా.

మేడం కాసేపు ఆలోచించి "అయితే రెండు రకాల ఎల్‌డీఎల్ చెయ్యండి, గీత లేవడం మొదలైనప్పుడు ఆపింది ఒకటి, రాత్రంతా ఉంచింది ఒకటి" అన్నారు. నేను అడగాలనుకున్నది కూడా అదే.

జూన్ మూడో వారం

కొత్త ప్లేట్ డిజైన్ గోడ మీద అంటించాం. ఎల్‌డీఎల్ మూడు రకాలు: మామూలుది, కొంచెం పాడైనది, బాగా పాడైనది. ఒక్కోదానికీ యాంటీబాడీ లేకుండా, ఐసోటైప్‌తో, సీడీ36 యాంటీబాడీతో, ఎస్ఆర్-ఏని అడ్డుకునే పాలీ ఐతో, చివరికి రెండూ కలిపి. పాలీ ఐకి కంట్రోల్‌గా పాలీ సీ, అదీ ఆర్‌ఎన్‌ఏ పోగే గానీ ఎస్ఆర్-ఏని మూయదు, కాబట్టి తగ్గుదల నిజంగా రిసెప్టర్ వల్లేనా అనేది అక్కడ తేలుతుంది.

ఇంకోటి కూడా కలిపాం. ఇప్పటిదాకా లోపలికి పోయిన కొవ్వునే చూశాం, పైన అంటుకున్నదెంత, లోపలికి పోయిందెంత అని విడదీయలేదు. అందుకే ఎర్రగా వెలిగే డై-ఐ రంగు ఎక్కించిన ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌తో ఒక ప్లేట్ ఐస్ మీద పెడతాం, 4 డిగ్రీల్లో పొర కదలదు కాబట్టి రిసెప్టర్‌కి అంటుకోవడం వరకే జరుగుతుంది, ఇంకో ప్లేట్ 37లో. రంగు లేని ఆక్సిడైజ్డ్ ఎల్‌డీఎల్‌ని చాలా ఎక్కువ మోతాదులో వేసిన బావులు కూడా ఉంటాయి, అక్కడ కూడా వెలిగేదంతా రిసెప్టర్‌తో సంబంధం లేకుండా అంటుకున్నదని తీసేస్తాం.

పాలీ ఐ, పాలీ సీ ఆర్డర్ పెట్టాం. కొత్త బ్లడ్ సోమవారం తీసుకుంటున్నాం, వాలంటీర్లకి ఆదివారం రాత్రి తర్వాత ఏమీ తినొద్దని జూనియర్ మెసేజ్ పెట్టేసింది. రోటర్ స్లాట్ అన్న బుక్ చేశాడు. నేను సెల్స్ స్ప్లిట్ చేసి రెండు ఫ్లాస్కులు పక్కన పెట్టా, శుక్రవారం పీఎంఏ వెయ్యాలి.